వీపు మీద మూడు బుడిపెలు, పొట్ట కింద ఒక చిన్న చేప: సెరాటీడే కుటుంబాన్ని గుర్తుపట్టడం ఎలా

మీరు పంపిన ఫొటోలో ఉన్నది లోతైన సముద్రంలో వలకు చిక్కిన నల్లటి ఆంగ్లర్ చేప. నుదుటి మీద చిన్న గాలం ఉంది, వీపు మీద మూడు బుడిపెలున్నాయి, పొట్ట కింద వేలెడంత కూడా లేని ఇంకో చేప వేలాడుతోంది. ఇది మెలనోసీటస్ అని ఒకరు చెప్పారనీ, కింద వేలాడేది దాని పిల్ల అని మరొకరు అన్నారనీ రాశారు. ఇది ఏ కుటుంబమో, ఆ సంగతి దేన్ని చూసి చెప్పాలో, ఈ చేపల్ని ఇన్ని కుటుంబాలుగా ఎందుకు విడదీశారో అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ చేప మెలనోసీటస్ కాదు. సెరాటీడే కుటుంబానికి చెందిన క్రిప్టాప్సరాస్ కౌసీ, అందులోనూ ఆడది. కింద వేలాడుతున్నది పిల్ల కాదు, దాని మగచేప. ఫొటో ఒక్కటే చూసి ఇంత నమ్మకంగా చెప్పడానికి కారణం ఆ మూడు బుడిపెలే. మిగతాదంతా ఎందుకో, ఎలాగో వివరించడమే.

ఆంగ్లర్ చేపను చూడగానే అందరి కళ్ళూ గాలం మీదికే పోతాయి. చీకటి సముద్రంలో దీపం పట్టుకుని తిరిగే చేప అనగానే ఎవరికైనా అదే గుర్తుకొస్తుంది. కానీ కుటుంబాన్ని తేల్చే పనిలో గాలం దాదాపు పనికిరాదు. లోతు సముద్రపు ఆంగ్లర్ చేపలన్నీ సెరాటియాయిడీ అనే ఒకే ఉపక్రమంలోకి, అంటే పలు కుటుంబాలను కలిపిన పెద్ద గుంపులోకి, వస్తాయి. అందులో పదకొండు కుటుంబాలు, సుమారు 170 జాతులు. వాటిలో ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఆడచేపలన్నిటికీ నుదుటి మీద గాలం ఉంటుంది. నియోసెరాటియాస్ అనే ఒంటరి జాతికి గాలమే లేదు. కాలోఫ్రైనిడే కుటుంబానికి గాలం ఉంది గానీ దాని కొసలో వెలిగే బాక్టీరియా లేదు. ఈ కొద్దివాటిని పక్కన పెడితే దీపం కనబడిందంటే అర్థం ఒక్కటే: ఇది ఆ ఉపక్రమంలోని ఆడచేప. ఇంటిపేరు తెలియాలంటే చేపను పక్కకి తిప్పి వీపు చూడాలి.

సెరాటీడే ఆడచేపకు వీపు వాజానికి (వీపు మీది రెక్కకు) సరిగ్గా ముందు, వీపు మధ్యగీత వెంట కండగల బుడిపెలు ఉంటాయి. సెరాటియాస్ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) రెండు, క్రిప్టాప్సరాస్‌కు మూడు. క్రిప్టాప్సరాస్‌లో నడిమిది పెద్దది, అటూ ఇటూ ఉన్న రెండూ దానికంటే చిన్నవి. ఇంగ్లిష్‌లో దీన్ని 'మూడు పులిపిర్ల సముద్రదయ్యం' అనే అర్థం వచ్చే పేరుతో పిలవడానికి కారణం ఇదే. అవి నిజంగా పులిపిర్లు కావు. వీపు వాజంలోని ముందు కిరణాలే (వాజాన్ని నిలబెట్టే సన్నటి పుల్లలే) ఇలా మారిపోయాయి. లోపల గ్రంథి సంచి ఉంటుంది, అందులో వెలుగునిచ్చే బాక్టీరియా కాపురం ఉంటుంది, పైకి సన్నటి రంధ్రం ఉంటుంది. అంటే ఈ చేపకు నుదుటి మీద ఒక దీపం, వీపు మీద రెండో మూడో దీపాలు. ఈ రకం వీపు బుడిపెలు మిగతా పది కుటుంబాల్లో దేనికీ లేవు. కుటుంబాన్ని తేల్చడానికి ఇంతకంటే తేలికైన లక్షణం ఈ ఉపక్రమం మొత్తంలో లేదని నా అభిప్రాయం.

నేను మొదటిసారి క్రిప్టాప్సరాస్‌ను చేత్తో పట్టుకున్నది ఒక ఆల్కహాల్ జాడీ నుంచి. ట్రేలో పడుకోబెట్టి, వేలి కొసతో తోక నుంచి తలవైపు నిమిరాను. చర్మం సన్నటి గరుకు కాగితంలా తగిలింది. సూక్ష్మదర్శిని కింద పెడితే కారణం కనబడింది: దగ్గరదగ్గరగా పొదిగినట్టు వేల కొద్దీ చిట్టి ముళ్ళు. బుడిపెల దగ్గరికి వచ్చేసరికి వేలికి మెత్తగా, కాస్త కదిలేట్టు తగిలింది. నడిమి బుడిపె కొసన నల్లటి చర్మం ఆగిపోయి, సూది గుచ్చినట్టుండే చోట తెల్లటి చుక్క కనబడింది. లేబుల్ మీద పేరు చదవక ముందే ఇది ఏ కుటుంబమో నాకు తెలిసిపోయింది. ఇది నా ప్రజ్ఞ కాదు, ఆ బుడిపెలు చెప్పే తీరు అలాంటిది.

ఒక జాగ్రత్త చెప్పాలి. సెరాటియాస్ పెద్దదయ్యే కొద్దీ బుడిపెలు శరీరంతో పాటు పెరగవు. బాగా పెద్ద ఆడచేపల్లో అవి వీపులో కలిసిపోయినట్టు అణగారి, వెతికితే గానీ కనబడనంత చిన్నగా మిగులుతాయి. వెలుతురు సరిగా లేని ఫొటోలో అవి లేవనిపిస్తే 'లేవు' అని రాసేయకూడదు.

మెలనోసీటస్ అన్నవాళ్ళు ఎక్కడ పొరబడ్డారో కూడా చూద్దాం. రెండూ నల్లటివే, రెండింటికీ పెద్ద నోరే. కానీ మెలనోసీటస్ ఒళ్ళు బంతిలా గుండ్రంగా, నున్నగా ఉంటుంది. వీపు వాజంలో పన్నెండుకు తక్కువ కాకుండా కిరణాలుంటాయి. మీ చేప వీపు వాజంలో కిరణాలు నాలుగే. ఫొటోను పెద్దది చేసి లెక్కపెట్టి చూడండి. సెరాటీడేలో సాధారణంగా నాలుగు, ఎప్పుడో ఒకసారి అయిదు. ఒళ్ళు కూడా గుండ్రంగా ఉండదు. పక్కల నుంచి అదిమినట్టు పలచగా, పొడవుగా ఉంటుంది. నోటి చీలిక దాదాపు నిట్టనిలువుగా పైకి తెరుచుకుంటుంది. కళ్ళు మరీ చిన్నవి.

మిగతా కుటుంబాల సంగతి క్లుప్తంగా. హిమాంటోలోఫిడే చేపలకు చర్మంలో అక్కడక్కడా విడివిడిగా ఎముక బిళ్ళలు, వాటి మధ్యలో ముల్లు. డైసెరాటీడేకు మొదటి గాలం వెనకాలే ఇంకో చిన్న గాలం. జైగాంటాక్టినిడేకు కొరడాలా సాగిన అతి పొడుగాటి గాలపు కర్ర. లినోఫ్రైనిడేలో చాలావాటికి గడ్డం కింద వేర్లలా చీలిన మీసం. ఓనిరోడిడే అన్నిటికంటే పెద్ద కుటుంబం, అరవైకి పైగా జాతులు. దాన్ని గుర్తుపట్టడం మాత్రం నిజంగా నిపుణుల పనే. అది వేరే సమాధానానికి వదిలేద్దాం.

ఇప్పుడు నాకు ఈ కుటుంబంలో ఎంతో ఇష్టమైన భాగానికి వస్తాను: గాలపు కర్ర. ఆంగ్లర్ చేపల్లో గాలం అంటే వీపు వాజపు మొదటి ముల్లు ముందుకు జరిగి నుదుటి మీదికి వచ్చినది. ఆ ముల్లుకు అడుగున ఆధారపు ఎముక ఒకటి ఉంటుంది. సెరాటియాస్‌లో ఈ ఆధారపు ఎముక విపరీతంగా పొడుగు. పుర్రె మీద గాడిలో కూర్చుని ముందుకూ వెనక్కీ జారుతుంది. దాన్ని ముందుకు తోయడానికీ వెనక్కి లాగడానికీ వేర్వేరు కండరాలు ఉన్నాయి. ముందుకు జారితే ఎర (గాలం కొసన వెలిగే ఉండ) నోటికి దూరంగా పోతుంది. వెనక్కి లాగితే ఎర సరిగ్గా నోటి ముందుకు వస్తుంది, అదే సమయంలో ఆ ఎముక వెనక కొస వీపులోంచి చర్మాన్ని నెట్టుకుని తోకలా బయటికి పొడుచుకొస్తుంది. ఈ యంత్రాంగాన్ని 1943లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఎరిక్ బెర్టెల్సన్ విడమరచి చెప్పాడు. ఇది తెలియకపోతే ఒకే జాతికి చెందిన రెండు చేపల్ని, ఒకదానికి వీపు మీద కొమ్ము ఉందనీ ఇంకోదానికి లేదనీ, రెండు వేరు జాతులుగా రాసుకునే ప్రమాదం ఉంది. నిజానికి ఒకటి గాలాన్ని ముందుకు చాచి చచ్చిపోయింది, మరొకటి వెనక్కి లాక్కుని చచ్చిపోయింది. తేడా అంతే.

క్రిప్టాప్సరాస్‌లో కథ వేరు. ఇక్కడ ఆధారపు ఎముక పొడుగ్గానే ఉంటుంది గానీ, పైకి కనబడాల్సిన గాలపు కర్ర మాత్రం బాగా కుంచించుకుపోయి ఎర చుట్టూ ఉన్న కండలో మునిగిపోతుంది. మీ ఫొటోలో గాలం పొట్టిగా, కాడ లేని మొగ్గలా కనబడుతున్నది అందుకే. గ్రీకులో ఆ పేరుకు అర్థం 'దాగిన జాలరి' అని. 1883లో థియోడర్ గిల్ అనే అమెరికా శాస్త్రవేత్త పెట్టాడు. చేపను శ్రద్ధగా చూసి పెట్టిన పేరు అంటే ఇదీ. 'కౌసీ' మాత్రం ఎలియట్ కౌస్ అనే పక్షిశాస్త్రవేత్త గౌరవార్థం. మొప్పమూతలోని ఒక ఎముకకు ముందు అంచున చిన్న ముల్లు ఉండటం కూడా క్రిప్టాప్సరాస్ గుర్తే. సెరాటియాస్‌కు అది లేదు.

కుటుంబంలో ఉన్నవి ఈ రెండు ప్రజాతులే, మొత్తం నాలుగు జాతులే. క్రిప్టాప్సరాస్‌లో ఒకటి, సెరాటియాస్‌లో మూడు. ఆ మూడింటినీ విడదీసేది ఎర ఆకారం. సెరాటియాస్ హోల్బోల్లీ ఎర కొసన ఒకే ఒక తీగ ఉంటుంది. సెరాటియాస్ టెంటాక్యులేటస్‌కు తీగలు జంటగా ఉంటాయి. సెరాటియాస్ యురానోస్కోపస్ ఎర ఏ తీగా లేని ఉత్త గుండు. కుటుంబం తేల్చేటప్పుడు గాలాన్ని పట్టించుకోవద్దన్న నేనే జాతి దగ్గరికి వచ్చేసరికి గాలాన్నే చూడమంటున్నాను. వర్గీకరణలో ఒక్కో మెట్టుకు ఒక్కో లక్షణం పనికొస్తుంది. పైమెట్టు లక్షణంతో కిందిమెట్టును, కిందిమెట్టు లక్షణంతో పైమెట్టును తేల్చబోతేనే చిక్కు.

హోల్బోల్లీని 1845లో డెన్మార్క్‌కు చెందిన క్రోయర్ వర్ణించాడు. చేప గ్రీన్‌లాండ్ నుంచి వచ్చింది, పేరు అక్కడ పనిచేసిన నౌకాదళ అధికారి హోల్బోల్‌ది. ఈ ఉపక్రమంలో అన్నిటికంటే పెద్దది ఇదే. ఆడది మీటరు దాటి పెరుగుతుంది. లోతు సముద్రపు ఆంగ్లర్ చేపలంటే అరచేతిలో పట్టేవి అనుకునేవాళ్ళు దీన్ని తప్పకుండా చూడాలి. సెరాటియాస్ చేపలు స్పెర్మ్ తిమింగలాల కడుపుల్లో కూడా దొరికాయి. యురానోస్కోపస్ 1870లలో ప్రపంచ సముద్రాలన్నీ గాలించిన బ్రిటిష్ నౌక ఛాలెంజర్ సేకరణలోంచి 1877లో వెలుగులోకి వచ్చింది. పేరుకు అర్థం 'ఆకాశం చూసేది'. టెంటాక్యులేటస్‌ను 1930లో నార్మన్ వర్ణించాడు. అది దక్షిణార్ధగోళపు చేప. క్రిప్టాప్సరాస్ మాత్రం ప్రపంచ మహాసముద్రాలన్నిటిలోనూ దొరుకుతుంది. ఎక్కువగా 500 నుంచి 1250 మీటర్ల లోతులో. దాని ఆడచేప అర మీటరు లోపే ఆగిపోతుంది.

దీపంలోని బాక్టీరియా గురించి ఒక మాట. చాలా ఆంగ్లర్ కుటుంబాల ఎరల్లో ఉండేది ఎంటెరోవైబ్రియో ప్రజాతికి చెందిన ఒకే జాతి బాక్టీరియా. క్రిప్టాప్సరాస్‌లో మాత్రం దానికి దగ్గరి చుట్టమైన మరో జాతి ఉంది. 2018లో వాటి జన్యువులను చదివినప్పుడు, స్వేచ్ఛగా బతికే బంధువులతో పోలిస్తే జన్యుపదార్థంలో సగం దాకా పోయిందని తేలింది. అంతగా చేప మీద ఆధారపడ్డవి తల్లి నుంచి పిల్లకు అందుతాయని ఎవరైనా అనుకుంటారు. కానీ మరుసటి ఏడాది వచ్చిన పరిశోధన, చేప వీటిని చుట్టూ ఉన్న నీటిలోంచే తెచ్చుకుంటుందని చూపించింది. గుడ్డులోంచి దీపంతో పుట్టదు, ఖాళీ ప్రమిదతో పుడుతుంది.

ఇక పొట్ట కింద వేలాడుతున్నదాని సంగతి. దాన్ని పిల్ల అనుకున్నవారిని తప్పు పట్టను. 1922లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్త బ్యార్ని సైముండ్సన్ ఒక హోల్బోల్లీ ఆడచేప పొట్టకు రెండు చిన్న చేపలు అతుక్కుని ఉండటం చూసి, పిల్లలే అనుకున్నాడు. తల్లికి పిల్లలు ఎందుకలా అతుక్కున్నాయో ఆయనకు అంతుపట్టలేదు. మూడేళ్ళ తర్వాత, 1925లో, బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే టేట్ రీగన్ అలాంటి చిన్న చేపనే కోసి చూశాడు. లోపల వృషణాలు కనబడ్డాయి. పిల్ల కాదు, మొగుడు. ఆ ఒక్క కోతతో ఒక కుటుంబం గురించిన అవగాహన మొత్తం మారిపోయింది.

మగచేప స్వేచ్ఛగా ఈదే దశలో దాదాపు సెంటీమీటరే ఉంటుంది. గాలం లేదు, దీపం లేదు, వీపు మీద బుడిపెలు లేవు, చర్మం మీద ముళ్ళు లేవు. దవడల్లో సాధారణ పళ్ళు కూడా ఉండవు. వాటి బదులు మూతి మీద ఒక జత పెద్ద కొక్కేల లాంటి పళ్ళు, కింది దవడ కొసన మరికొన్ని. పై కొక్కేలు ఏ ఎముకకు బిగించి ఉన్నాయో చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆడచేపలో గాలాన్ని మోసే ఆధారపు ఎముక ఉందే, మగచేపలో అదే ఎముక ఈ కొక్కేలను ఆడిస్తుంది. ఒకే ఎముక, ఆడదానికి వేట సాధనం, మగదానికి ఆడదాన్ని పట్టుకునే సాధనం.

మగచేప వాసన పట్టి ఆడదాన్ని వెతుక్కుంటుందని అన్ని చోట్లా రాస్తారు. చాలా కుటుంబాలకు అది సరిపోతుంది. వాటి మగచేపలకు ముక్కు రంధ్రాలు తలలో సగం ఆక్రమించేంత పెద్దవి. సెరాటీడేకు మాత్రం ఆ మాట అతకదు. ఈ కుటుంబపు మగచేప ముక్కు అతి చిన్నది, కళ్ళు మాత్రం గిన్నెల్లా పెద్దవి. అది చూపుతో వెతుకుతుందని ఆ శరీర నిర్మాణమే చెబుతోంది. ఆడదాని వీపు మీద అన్ని దీపాలు ఎందుకు అన్న ప్రశ్నకు ఇక్కడ ఒక జవాబు ఉండొచ్చని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ, రుజువైన విషయంగా తీసుకోకండి.

దొరికాక మగది కొరికి పట్టుకుంటుంది, ఎక్కువగా పొట్ట భాగంలో. ఆడదాని కండ ముందుకు పెరిగి మగదాని నోట్లోకి చొచ్చుకుపోతుంది, చర్మాలు కలిసిపోతాయి, రక్తనాళాలు కలుస్తాయి. ఆ తర్వాత మగదాని కళ్ళు క్షీణిస్తాయి, పళ్ళు పోతాయి, పేగులు పనిచేయడం మానేస్తాయి. మొప్పలు మాత్రం మిగులుతాయి. ఒంటి మీద కొత్తగా ముళ్ళు మొలుస్తాయి. పోషణంతా ఆడదాని రక్తంలోంచే. వాడిపోవడం కాదు, అది పెరుగుతుంది కూడా. సెంటీమీటరు చేప హోల్బోల్లీలో పది సెంటీమీటర్లు దాటినవి ఉన్నాయి. సెరాటీడేలో ఇది తప్పనిసరి: అతుక్కోని మగదానికి వృషణాలు పక్వం కావు, మగది అతుక్కోని ఆడదానికి అండాశయం పక్వం కాదు. ఒక క్రిప్టాప్సరాస్ ఆడచేపకు ఎనిమిది మగచేపలు అతుక్కుని ఉండగా చూసిన సందర్భం కూడా ఉంది.

పరాయి శరీరం అతుక్కుంటే ఆడదాని రోగనిరోధక వ్యవస్థ ఎందుకు ఊరుకుంటుందన్న ప్రశ్న చాలాకాలం తేలలేదు. 2020లో వచ్చిన జన్యు పరిశోధన జవాబిచ్చింది. మగచేప అతుక్కునే ఆంగ్లర్ చేపల్లో, ప్రతిరక్షకాలను తయారుచేసి మెరుగుపరిచే వ్యవస్థకు అవసరమైన కీలక జన్యువులు కొన్ని పాడైపోయాయి లేదా పూర్తిగా పోయాయి. మిగతా వెన్నెముక జీవులకు అవి లేకపోతే బతుకే కష్టం.

ఈ మగచేపల వల్ల వర్గీకరణ ఎంత గందరగోళమైందో చెప్పకపోతే మీ చివరి ప్రశ్నకు జవాబు పూర్తికాదు. స్వేచ్ఛగా ఈదే మగచేపలు ఆడవాటిలా ఏమాత్రం ఉండవు కాబట్టి, వలల్లో దొరికినప్పుడు వాటిని అసలు వేరే కుటుంబంగా పరిగణించారు. అసెరాటీడే అని దానికి పేరు. అంటే ఒకే ఇంట్లోని ఆడవాళ్ళంతా ఒక వంశం, మగవాళ్ళంతా ఇంకో వంశం అన్నట్టు. డెన్మార్క్ నౌక డానా తెచ్చిన వేలాది నమూనాలను పట్టుకుని, డింభకాల (గుడ్డులోంచి వచ్చిన తొలిదశ పిల్లల) నుంచి మొదలుపెట్టి ఒక్కో మగచేపను ఒక్కో ఆడచేపతో జతపరిచింది మళ్ళీ బెర్టెల్సన్‌గారే. 1951లో వచ్చిన ఆయన గ్రంథంతో ఆ కుటుంబం పేరు చరిత్రలో కలిసిపోయింది. సెరాటీడే డింభకాలు ఉపరితలానికి దగ్గరలో, 200 మీటర్ల లోపు నీటిలో పెరుగుతాయి. వీపు గూనిలా వంగి, బంతిలా ఉంటాయి. కొన్ని మిల్లీమీటర్ల పొడవున్నప్పుడే ఆడదానికి నుదుటి మీద గాలపు మొటిమ, వీపు మీద బుడిపెల మొలకలు కనబడతాయి. మగదానికి అవి ఉండవు. ఆడా మగా లెక్క తేల్చింది ఆ మొలకలే. మళ్ళీ వీపు దగ్గరికే వచ్చాం.

పదకొండు కుటుంబాల మధ్య చుట్టరికం ఎలాంటిదన్నది మాత్రం ఇంకా స్థిరపడలేదు. ఎముకల మీద గీసిన వంశవృక్షమూ డీఎన్ఏ మీద గీసినదీ ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. శాశ్వతంగా అతుక్కునే మగచేపలు సెరాటీడేలోనూ, లినోఫ్రైనిడేలోనూ, నియోసెరాటియాస్‌లోనూ ఉన్నంత మాత్రాన ఆ మూడూ అన్నదమ్ములని చెప్పడానికి లేదు. సెరాటీడే ఒక కుటుంబం అన్న విషయంలో మాత్రం పేచీ లేదు.

మీ నమూనా ఇంకా పాడవకుండా ఉంటే ఒక మనవి. ఫార్మలిన్‌లో వేసే ముందు పక్క కండరం నుంచి చిన్న ముక్క కోసి, గాఢమైన ఇథనాల్‌లో విడిగా దాచండి. ఫార్మలిన్ తగిలాక డీఎన్ఏ చదవడం చాలా కష్టం. వీపు వాజం, ఎర, బుడిపెలు, మూడింటికీ పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఫొటోలు తీయండి. ఆ చిన్న మగచేపను మాత్రం విడిగా చూద్దామని లాగకండి. అది అతుక్కున్న చోటే అసలు సమాచారమంతా ఉంది. లాగితే ఊడిరాదు, చిరుగుతుంది.